మోకాలి నొప్పి విన్న డాక్టరుగారు

"పేషెంటు రాలేదా? మరి పరీక్ష ఎవరిమీద పెడతారు?" అన్నాడు పరిశీలకుడు.

హెడ్ నర్సు ఆత్రంగా గుమ్మంవైపు చూసింది. వీడియోలో వైద్యం మొదలుపెట్టడానికి ఆసుపత్రి సిద్ధంగా ఉందో లేదో తేల్చడానికే ఆయన వచ్చాడు. సరేనంటే కొండ అవతలి ఊళ్ళ జనానికి బస్సులు మారే పాట్లు తప్పుతాయి. నెలలు నిండిన ఆమె చెల్లెలు కూడా అక్కడే ఉంది.

కంప్యూటర్లు, కెమెరా, కరెంటు పోతే పనికొచ్చే బ్యాటరీ, అన్నీ బాగున్నాయన్నాడు. ఇక చూడాల్సింది, తెరమీది పేషెంటు మాట డాక్టరు పూర్తిగా వింటాడా అన్నదే. చిక్కంతా అక్కడే ఉంది. ఆయన హస్తవాసి గొప్పదే కానీ, ఎదుటి మనిషి నోరు తెరిచేలోపే చీటీ రాసిచ్చే రకం. కొత్తగా చేరినా హెడ్ నర్సుకు ఆ సంగతి అప్పుడే తెలిసిపోయింది.

పరుగున వరండాలోకి వెళ్ళింది. బెంచీమీద ఒక పెద్దావిడ కనిపించింది. డాక్టరుగారి కోసమే వచ్చానంది. మోకాలు ఏడాదిగా చంపుతోందట. నర్సు సంగతి చెప్పి బతిమాలితే, ఆవిడ సరదాపడి వచ్చి తెర ముందు కూర్చుంది.

పక్కగదిలో డాక్టరు, ఆయన కుర్చీ వెనకే పరిశీలకుడు. తెరమీద ఆవిణ్ణి చూడగానే డాక్టరు ముఖం పాలిపోయింది. పాపం, కెమెరా అంటే బెరుకు కాబోలనుకుంది నర్సు.

"చెప్పండి," అన్నాడాయన నీళ్ళు నములుతూ.

ఆవిడ తీరిగ్గా మొదలుపెట్టింది. మెట్లెక్కలేకపోతున్నానంది. ఇంటాయనకు చెబితే పేపర్లోంచి తలెత్తకుండానే అదే తగ్గుతుందిలే అంటాడట. పోనీ పడుకుందామంటే ఆయన గురకకు కిటికీలు అదురుతాయట. నర్సుకు ఒళ్ళు మండింది. ఇలాంటి మొద్దు మనుషులతో ఎలా వేగుతారో అనుకుంది.

డాక్టరు రెండుసార్లు లేవబోయి, వెనక్కి చూసి మళ్ళీ కూలబడ్డాడు. ఒక్క మాటకూ అడ్డురాలేదు. అంతా విన్నాక ఎక్స్‌రే తీయించుకోమన్నాడు, కాలికి చేయాల్సిన వ్యాయామం దగ్గరుండి నేర్పినట్టు చూపించాడు.

పరిశీలకుడు నవ్వుతూ ఇవతలి గదిలోకొచ్చాడు. "ఇంత ఓపిగ్గా వినే డాక్టర్ని నేనెక్కడా చూడలేదు. రేపే మొదలుపెట్టండి."

నర్సుకు ఆనందంతో కాళ్ళు నేలమీద నిలవలేదు. చెల్లెలికి ఇక ప్రయాణాల బెంగ లేదు. ఆవిడ చేతులు రెండూ పట్టుకుని, "మీ చలవేనమ్మా. మీవారి నంబరివ్వండి, ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెడతాను," అంది.

ఆవిడ హాయిగా నవ్వింది.

"అక్కర్లేదమ్మా, ఇప్పటిదాకా విన్నది ఆయనే."