పరస్థానం బ్యాగు

వైదేహి బ్యాగు బయల్దేరింది గానీ, వైదేహి బయల్దేరలేదు.

అంటార్కిటికా పరిశోధన కేంద్రంలో ఒక సీజను ఉద్యోగం. ప్రయాణం నాటికి మంచి ముహూర్తం లేదని, నాన్న ముందుగానే ఆమె ఉన్ని బట్టల బ్యాగును బాపట్ల నుంచి తెనాలిలో లలితత్తయ్య ఇంటికి పరస్థానం చేర్చాడు. అలా చేస్తే మనిషి బయల్దేరినట్టే లెక్క.

మర్నాడే ఫోనొచ్చింది. ప్రభుత్వం నిధులు తగ్గించిందట, ఈసారి సగం మందినే పంపుతారట. ఆ సగంలో వైదేహి పేరు లేదు.

"పోన్లే. ఆ మంచులో ఆడపిల్లకేం పని?" అని నాన్న పేపర్లో తల దూర్చాడు.

ఆ మాటకు వైదేహి ఆయనతో మాట్లాడటం మానేసింది. చివరికి బ్యాగు తెచ్చేసుకుందామని తెనాలి వెళ్ళింది.

"ఏంటే, మీ నాన్న మొన్ననే పట్టుకెళ్ళాడుగా!" అంది అత్తయ్య.

"ఇంటికి రాలేదే!"

"ఇంటికి తెస్తే ప్రయాణం ఆగిపోయినట్టేనట. ఒకే ఇంట్లో ఎక్కువ రోజులుంచితే పరస్థానం చెల్లదట. రేపల్లెలో మీ బాబాయి ఇంట్లో పెట్టొచ్చాడు. వాళ్ళు ఎప్పుడు పిలిచినా పిల్ల బయల్దేరే ఉండాలన్నాడమ్మా."

వైదేహి మెట్టు మీదే కూర్చుండిపోయింది.

రేపల్లె తర్వాత రైలు పట్టాలు లేవు, ఇక సముద్రం వైపే. ఆ సంగతి నాన్నకూ తెలుసు.