బిడ్డే కేంద్రం

"ఆవిడ ఏం చెప్పినా తల ఊపండి. నిద్రొస్తే కళ్లు తెరిచే నిద్రపోండి. ఈ శిక్షణ చెడిందా, జిల్లావాళ్లు మనల్ని నలుగుర్నీ నాలుగు కొండల మీదికి విసిరేస్తారు" అన్నాడు హెడ్మాస్టరు యెన్.

ఆయనతో కలిపి ఆ గుయ్‌జౌ కొండబడిలో పంతుళ్లు నలుగురే. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెంగ్ మాస్టారు. ఇంగ్లీషు చెప్పే నింగ్. లెక్కల టీచరమ్మ సుచిన్. బదిలీ మాటెత్తితే అందరికంటే ఎక్కువగా వణికేది సుచినే. ఊళ్లో ఆమె తల్లి మంచాన పడి ఉంది. ముద్ద తినిపించాలన్నా పక్కకు తిప్పాలన్నా ఈమే దిక్కు.

ఫియోనా జీపు దిగింది. స్కాట్లండ్ మనిషి. చైనా పల్లెల్లో పంతుళ్లకు పాఠం చెప్పడం నేర్పే సేవ ఆమెది. అంతకుముందు వాళ్ల దేశంలో బ్యాంకు గుమాస్తాలకు చిరునవ్వు నేర్పేదట.

స్వాగతమంటూ గేటుకు కట్టిన ఎర్రగుడ్డ చూసి మురిసిపోయింది. వరండా అంతా కలియదిరిగింది.

"గోడల మీద ఒక్క పిచ్చిగీత లేదు! ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు" అంది.

"అంతా మీ దయ" అన్నాడు యెన్. ఆ మాటను ఇంగ్లీషులోకి మారుస్తూ నింగ్ దగ్గాడు.

శిక్షణ మొదలైంది. పొద్దున సిద్ధాంతం. మధ్యాహ్నం చర్చ. సాయంత్రం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగడం. ఫియోనా సుద్దముక్కతో నేల మీద పెద్ద సున్నా గీసింది. మధ్యలో ఓ ఖాళీ కుర్చీ వేసింది.

"ఈ కుర్చీలో ఒక బిడ్డ కూర్చుంది అనుకోండి. మీరు కాదు ముఖ్యం, పుస్తకం కాదు ముఖ్యం. బిడ్డే కేంద్రం!"

నలుగురూ గంగిరెద్దుల్లా తలలాడించారు.

ముందు పెంగ్ మాస్టారి వంతు. ఆయన అలవాటు కొద్దీ కుర్చీ మీద కళ్లెర్రజేశాడు. "ఏరా గాడిదా, హోంవర్కేదీ?"

ఫియోనా గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, ఆ పసిమనసు ఎంత గాయపడిందో! వెంటనే క్షమాపణ చెప్పండి."

పెంగ్ హెడ్మాస్టరు వైపు చూశాడు. యెన్ కళ్లతోనే దండం పెట్టాడు. మాస్టారు కుర్చీ ముందు నడుం వంచి, "తప్పయింది నాయనా" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏమోయ్ నింగ్, వచ్చే జన్మలో నన్ను కుర్చీగా పుట్టించమని ఈ తల్లినడుగు. మర్యాదైనా దక్కుతుంది" అన్నాడు.

"ఏమంటున్నారు?" అంది ఫియోనా.

"తన జీవితమే మారిపోయిందంటున్నారు" అన్నాడు నింగ్.

ఫియోనా ఆ ముక్కను ఫోన్లో రికార్డు చేసుకుంది.

తర్వాత సుచిన్ లేచింది. కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"వచ్చావా? అన్నం తిన్నావా? చేతులు చల్లగా అయిపోయాయే. కూర్చో. ఇవాళ నీ ఒక్కడికే చెప్తాను. లెక్క రాకపోయినా ఏమీ అనను. లేచి మాత్రం వెళ్లకు."

అంటూనే భోరుమంది. పెంగ్ మాస్టారు కిటికీ వైపు తిరిగిపోయాడు. యెన్ కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఫియోనా అయితే ఎగిరి గంతేసింది. "చూశారా! నా పద్ధతి పని చేస్తోంది!"

రెండు వారాలు గడిచాయి. ముగింపుకు జిల్లా విద్యాధికారి వచ్చాడు. పులుసు చేప, పొగబెట్టిన పంది మాంసం, బియ్యం సారా. అధికారి మొదట చేపను చూశాడు, తర్వాత సారాను చూశాడు. ఇక వేరే ఏమీ చూడలేదు.

ఫియోనా గ్లాసు పట్టుకుని లేచింది. "ఈ నలుగుర్నీ ఇక్కణ్ణించి కదిలిస్తే ఘోరం. ముఖ్యంగా సుచిన్. బిడ్డ మనసు ఇంతగా తెలిసిన టీచర్ని నేను చూడలేదు. మా సంస్థకూ ఇదే రాస్తాను."

"విదేశీ శిక్షణ పొందిన బడి మీద చెయ్యి వేస్తామా మేడమ్?" అన్నాడు అధికారి. "మా జిల్లాకే ఆదర్శం. రాష్ట్రంవాళ్లకు కూడా ఇదే చూపిస్తాం."

సుచిన్ బల్ల కింద రెండు చేతులూ జోడించింది. తల్లికి ఇంకో ఏడాది గండం గడిచింది.

జీపు కదిలింది. ఫియోనా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "మళ్లీ ఏడాదికొస్తా! బిడ్డని మాత్రం మరిచిపోకండి!"

"ఒక్క పూటైనా మరిచిపోలేదమ్మా" అంది సుచిన్. ఆ మాట నింగ్ అనువదించలేదు.

జీపు మలుపు తిరిగింది. పెంగ్ మాస్టారు ఉస్సురంటూ మెట్ల మీద కూలబడ్డాడు.

"ఆ గుడ్డ జాగ్రత్తగా విప్పవయ్యా, చిరిగిపోగలదు. వచ్చే ఏడాదికీ అదే" అన్నాడు యెన్.

ఆ బడిలోని చివరి పిల్లవాడు పెట్టె నెత్తిన పెట్టుకుని కొండ దిగి, టౌను హాస్టల్లో చేరి అప్పటికి మూడేళ్లయింది.