గట్టి అట్ట

బైండరు కూతురి బతుకు ఒక నవల పాడు చేసింది. అందులో అతనికి ఇసుమంత అనుమానం లేదు.

"రాసినవాడు ఎప్పుడో చచ్చి బతికిపోయాడు. లేకపోతే వెళ్ళి గల్లా పట్టుకునేవాణ్ణి" అని కూతురి ముందు పళ్ళు నూరేవాడు.

కథ పాతదే. కుట్టుపని చేసుకునే పిల్ల. పెద్దింటి చిన్నబాబు. కిటికీలోంచి చూపులు, వానలో ఇద్దరికీ ఒకటే గొడుగు, కాళ్ళకి అడ్డం పడే పెద్దలు. చివరి పేజీలో గుర్రబ్బండి వచ్చి పేదల వీధిలో ఆగుతుంది. చిన్నబాబు చెయ్యి అందిస్తాడు. పిల్ల వెనక్కి చూడకుండా ఎక్కేస్తుంది. అంతే.

ఒకప్పుడు ఇంటింటా చదివిన నవల. ఇప్పుడు అచ్చులో లేదు. బైండరు భార్యకి అది చదవాలని ఏళ్ళ తరబడి ఆశ. ఆమె మంచాన పడ్డాక పాత పుస్తకాల కొట్లో ఒక కాపీ దొరికింది. కుట్లూడిపోయి ఉంది. బైండరే కొత్త దారంతో కుట్టి, గట్టి అట్ట వేసి ఇచ్చాడు. కూతురు రోజూ కాస్త కాస్త తల్లికి చదివి వినిపించింది. చివరి పేజీ విన్న వారంలోనే తల్లి పోయింది. నవ్వు మొహంతో పోయిందని చూడ్డానికి వచ్చినవాళ్ళంతా అన్నారు.

ఆవిడ పోయింది. నవల మిగిలింది.

ఇప్పుడు కూతురు కుట్టుపనికి వెళ్ళేది పెద్దింటికే. అక్కడా ఒక చిన్నబాబున్నాడు. బైండరు ఒకసారి వాళ్ళ ఫొటోల ఆల్బం బైండు చేసి పట్టుకెళితే, ఆ బాబు గడప అవతలే నిలబెట్టి అందుకున్నాడు. ఎవరి తండ్రో తెలిసే నిలబెట్టాడు.

ఆ ఉదయం బైండరు వీధి గదిలో అట్టలు చేస్తున్నాడు. కొన్న అట్ట అతనికి సరిపడదు. చెమ్మకి ఉబ్బుతుందంటాడు. చిత్తు కాగితాలకి మైదా బంక రాసి, పొర మీద పొర అతికించి, బరువు కింద పెడతాడు. ఎండితే చెక్కలా ఉంటుంది. ఊళ్ళో సగం పుస్తకాల అట్టలు విప్పితే పాత పరీక్ష పేపర్లూ, సబ్బు కరపత్రాలూ బయటపడతాయి.

కూతురు పెట్టె సర్దుకుని వచ్చి గుమ్మంలో కూచుంది.

"పెళ్ళెప్పుడన్నాడు ఆ చిన్నబాబు?" అన్నాడు బైండరు తలెత్తకుండా.

"ముందు నేను అక్కడ కొన్నాళ్ళుంటే అమ్మగారి మనసు మెత్తబడుతుందట."

"అమ్మగారా? అత్తగారు కాదూ?"

కూతురు నాలిక కరుచుకుంది. "అలవాటు నాన్నా. పోతుందిలే."

"అతను వస్తున్నాడా?"

"పనుందిట. డ్రైవరు వస్తాడు."

"నవల్లో వాడే వచ్చాడు కదే."

కూతురు పకపకా నవ్వింది. "చూశావా, తిట్టుకుంటూనే కథంతా గుర్తుపెట్టుకున్నావు."

"నువ్వు మీ అమ్మకి చదువుతుంటే నా చెవులేమైనా తాకట్టు పెట్టానా?"

"రాసినాయన ఎంత మనసున్నవాడో నాన్నా. చివర్న సమాప్తం అని కూడా వెయ్యలేదు. అలాంటి సుఖానికి సమాప్తం ఏముంటుంది?"

బైండరు బ్రష్షు బంకలో ముంచాడు. చాలాసేపు పైకి తియ్యలేదు.

"పెద్దిళ్ళకి వెనక గుమ్మం ఒకటుంటుంది తల్లీ. మనల్ని అందులోంచే రానిస్తారు. కథలు నమ్మకు."

"అమ్మ నమ్మింది కదా." ఆమె గొంతు మారింది. "ఆ పేజీ మీద చెయ్యేసుకుని పోయింది. అదంతా అబద్ధమని ఒక్క మాట చెప్పు. పెట్టె విప్పేస్తాను."

బైండరు నోరు తెరిచాడు. లోపలి గదిలో భార్య మంచం ఇంకా తియ్యలేదు. దాని వంక చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఇంతలో వీధిలో కారు హారను మోగింది. డ్రైవరు దిగాడు.

"అమ్మాయి సిద్ధమేనా బాబాయ్? కుట్టుమిషను కూడా వేసుకు రమ్మన్నారు అమ్మగారు. వెనక గదిలో చోటు చేయించారు. ఇంట్లో పెళ్ళి పనులు మొదలయ్యాయిగా, కుట్టాల్సినవి బోలెడున్నాయట."

"విన్నావా నాన్నా, పెళ్ళి పనులట" అంది కూతురు. ఆమె చెంపలు ఎర్రబడ్డాయి.

డ్రైవరు ఆమె వంక చూడకుండా కారు అద్దం తుడవసాగాడు.

మిషను బైండరే ఎత్తి కారులో పెట్టాడు. డ్రైవరు ఒక చెయ్యి వేశాడు.

కూతురు నవలని గుండెకి అదుముకుని వెనక సీట్లో కూచుంది. వేళ్ళతో అట్టని ఒకసారి నిమిరింది.

"ఇది ఎన్నేళ్ళయినా ఊడదు కదా నాన్నా?"

"ఊడదు" అన్నాడు బైండరు.

కారు కదిలింది. పిల్ల వెనక్కి చూడలేదు.

నవల్లోని పిల్లని వెనక గుమ్మంలోంచి తీసుకెళ్ళి, చిన్నబాబు చేసుకోబోయే మరో అమ్మాయి పెళ్ళిబట్టలు కుట్టడానికి కూచోబెట్టిన చివరి అధ్యాయాన్ని, పోయే మనిషి వింటే ఏడుస్తుందని తన చేత్తోనే ఊడదీసి, పొర మీద పొర ఆ అట్టలోనే అతికించేశానని బైండరు ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాత జన్మలో తన ముందు ఎవరినీ ఆ నవల ఊసెత్తనివ్వలేదు.