తడి వల బరువు

ఇల్లు కదలని ఇల్లాళ్లుండే ఊళ్లో ఇప్పుడు ఇళ్లే కదులుతున్నాయి. తుఫాను వస్తోందంటే చాలు, కాళ్లు చాపి మెట్టకేసి నడుస్తాయి. ఈసారి నీలమ్మ ఇల్లు మాత్రం మొరాయించింది. కంగారులో ఆమె వలను ఆరబెట్టకుండానే లోపల పడేసింది మరి.

“నలభై కిలోలు ఎక్కువ. తగ్గించండి,” అంది ఇల్లు.

“పోయిన తుఫానుకి వలని ఇక్కడే ఒగ్గేసి ఆర్నెల్లు పస్తులున్నాం. నా బరువూ నలభయ్యేనే,” అంటూ అత్త ఎర్రాజమ్మ మెట్టు దిగింది. అప్పటికే కెరటం గుమ్మం తడుపుతోంది.

నీలమ్మ వలను బయటికి తోసి, అత్తను రెక్క పట్టి లోపలికి లాగింది.

“కుటుంబం క్షేమం,” అని చాటి ఇల్లు అడుగేసింది.

కొట్టుకుపోతున్న వలనే చూస్తూ, “మరి రేపేటి తింటామే?” అంది అత్త.

“కుటుంబం క్షేమం,” అని మళ్లీ చాటి ఇల్లు ఇంకో అడుగేసింది.