గుమ్మంలో వాసన పరీక్ష

ఇప్పపూల మత్తులో ఎవరూ పనికి వెళ్లకూడదని తేనెపట్టులో కొత్త నియమం వచ్చింది. ఏ పనీ లేని మగ తేనెటీగను గుమ్మంలో అందరి నోళ్లూ వాసన చూడ్డానికి కూర్చోబెట్టారు.

వరసలో ముందున్న కూలి తేనెటీగ అతని ముందు నోరు తెరిచింది.

“ఇప్ప వాసన. పక్కకు నిలబడు,” అన్నాడు మగ ఈగ.

“పొద్దుట్నుంచీ పచ్చినీళ్లు కూడా ముట్టలేదన్నా. లోపల పిల్లలు ఆకలిమీదున్నారు.”

“నీ మాట నమ్మాలా, నా ముక్కును నమ్మాలా?”

వెనకున్న నలభైమందికీ అదే వాసన తేలింది. ఈలోగా పొద్దెక్కి గుమ్మడిపూలు ముడుచుకున్నాయి.

కూలి తేనెటీగకు ఏమీ అర్థంకాలేదు. “అన్నా, మరి నిన్నెవరు పరీక్షించారు?”

“పనిచేసేవాళ్లకే కదమ్మా పరీక్ష,” అంటూ అతను పగలబడి నవ్వాడు.

ఆ నవ్వుతోపాటు ఇప్ప వాసన గుమ్మమంతా గుప్పుమంది.

అది తమదేనేమోనని వరసలోని ఆడ ఈగలన్నీ తత్తరపడి నోళ్లు మూసుకున్నాయి.