ముగ్గురి సంఖ్య

ప్రతి తలుపు మీదా ఒక పెద్ద సంయుక్త సంఖ్య ఉంటుంది. ఇంట్లోవాళ్ళ రహస్య ప్రధాన సంఖ్యలన్నీ గుణిస్తే వచ్చేది అది. అది విడిపోతుందని వార్డు ఆఫీసు యంత్రానికి తెలుసు. ఇంట్లోవాళ్ళు చెప్పకపోతే మాత్రం వెయ్యేళ్ళకైనా విడదీయలేదు.

వార్డు ఆఫీసు నుంచి వచ్చిన సుభాషిణి చెప్పులు గుమ్మం బయట విడిచింది.

"పాప పోయి మూడు నెలలైందంట కదండీ. తన సంఖ్య చెప్తే తలుపు మీది సంఖ్యను దాంతో భాగించి, తనది తీసేస్తాను. లేదంటే రేపట్నుంచి మీకు నీళ్ళు సగమే వదులుతారు."

"గుర్తులేదండీ," అంది కనకరత్నం, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

"పోనీ, మీ ఇద్దరివీ చెప్పండి. భాగిస్తే మిగిలేది పాపదే."

"అవీ గుర్తులేవు."

సుభాషిణి కనకరత్నం భర్త వీర్రాజు వైపు తిరిగింది. అతను మేకుకు వేలాడుతున్న చిన్న గొడుగును చూస్తున్నాడు.

"నాకూ గుర్తులేదండీ."

ఆమె ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కుళాయి సన్నగా కారింది. ఇద్దరూ అర బకెట్టు నీళ్ళతో గిన్నెలు తోముకున్నారు. కనకరత్నం పాప సంఖ్యలో మొదటి అంకె పైకి అంది. వీర్రాజు రెండోది అన్నాడు. అలా నూటపది అంకెలూ చెప్పుకున్నారు. ఎక్కడా తడబడలేదు.