నారుమడిలో నలభై మాటలు

శిరీష ఒక్క గీత మార్చింది. సైట్ మొత్తం తెల్లకాగితమైంది.

“నరేందరన్నా, మళ్లా పోయింది!”

తొర్రూరులో ఆ నెట్ సెంటర్ నరేందర్‌ది. తల పట్టుకున్నాడు.

“గిది మూడోసారి. ఆదివారం సభ. గంతమంది ముంగట ఏం చూపెడ్తవ్ చెల్లె?”

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. మన మాటను సినిమాల్లో ఎగతాళి చేస్తున్నారని శిరీష రెండేళ్లు ఊరూరా తిరిగింది. ముసలివాళ్ల నోటి నుంచి ఆరువందల మాటలు ఏరి సైట్‌లో పెట్టింది. సభలో తెర మీద చూపాల్సింది అదే.

గడపలో ఎవరో నిలబడ్డారు. నలభై ఏళ్లుంటాయి. భుజాన సంచి.

“జనగామ వైపు బండ్లేమైనా ఉన్నాయాండీ?”

ఆ ‘అండీ’ వినగానే నరేందర్ మొహం మారింది.

“రాస్తారోకో సార్. పొద్దుమీకిదాక చక్రం తిరగది. మీ దిక్కు పేపర్లల్ల రాయలేదా?”

అతను లోపలికి వచ్చాడు. తెల్లటి తెర కేసి చూశాడు.

“నా పేరు జగపతి. హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు చేస్తాను. ఒకసారి చూడనా అమ్మా?”

శిరీష కుర్చీ ఇచ్చింది. పది నిమిషాల్లో సైట్ లేచింది.

“నేరుగా అసలు సైట్‌లో మార్పులు చేయకండి. అచ్చం ఇలాంటిదే ఇంకొకటి మీ కంప్యూటర్‌లో పెడతాను. దానికి నెట్ అక్కర్లేదు, బయట ఎవరికీ కనపడదు. ముందు అందులో మార్చి చూసుకోండి. బాగుంటేనే పైకి పంపండి.”

“అంటే నారు పోసి, ఎదిగినంక నాటేసినట్టా?”

కీబోర్డు మీద అతని వేళ్లు ఆగాయి.

“అదేనమ్మా. నారుమడి.”

మధ్యాహ్నం కరెంటు పోయింది. భూపాలపల్లి బొగ్గు గనులు ఆగినప్పటి నుంచి రోజూ ఇంతే. నెట్ కూడా పోయింది. ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడుస్తోంది. అందులో పెట్టిన కాపీ సైటూ నడుస్తోంది!

“పరీక్షకు నాలుగు మాటలు ఎక్కించి చూస్తానండీ.”

“మా మాటలు మీకేం సమజైతయ్ సార్?” నరేందర్ నవ్వాడు.

“తప్పులుంటే దిద్దుకోండి.”

సాయంత్రం దాకా టైపు చేస్తూనే ఉన్నాడు. పక్కన పెట్టిన చాయ్ చల్లారిపోయింది.

రోడ్డు మీద జీపులు కదలగానే లేచాడు.

“పైకి పంపే ముందు ఒకసారి చదువుకోండమ్మా.”

ఫోన్ నంబరు ఎవరూ అడగలేదు.

అతను వెళ్లగానే నరేందర్ అన్నాడు. “ఆ కాపీ ముట్టకు చెల్లె. మన మాటల నడుమ ఏం కలిపిండో ఏమో. సభల నవ్వులపాలైతం.”

శిరీష ముట్టలేదు.

శనివారం మళ్లీ అసలు సైట్‌లోనే రంగు మార్చబోయింది. ఈసారి మాటలతో సహా పోయింది. ఆరువందలూ పోయాయి.

కళ్లు తుడుచుకుంటూ నారుమడి తెరిచింది.

“అన్నా, ఉన్నయే! ఒక్కటి గూడ పోలే!”

లెక్క చూసింది. నలభై ఎక్కువున్నాయి.

“చెప్పిన గదా, కలిపిండని. తీసెయ్.”

తీసేయబోతూ చదివింది. యాష్ట: విసుగు. ఇగురం: ఒడుపు, తెలివి. నిమ్మలం: నెమ్మది. అంబటాల్ల: అంబలి తాగే పొద్దు. ఏ ఊళ్లోనూ తన కాగితం మీదికి ఎక్కకుండా జారిపోయిన మాటలు. పక్కన అర్థాలు. ఒక్కదాంట్లోనూ ‘అండీ’ లేదు.

“అన్నా, గీ ఆఖరుది చదువు.”

నరేందర్ వంగి చదివాడు.

“పైలం: జాగ్రత్త. నాకు పదేండ్లప్పుడు బెజవాడ హాస్టల్‌కు బస్సెక్కించుకుంట, జనగామ పక్క దేవరుప్పుల రోడ్డు మీద మా అవ్వ గట్టమ్మ అన్నది: పైలం కొడుకా, ఆడికి పోయి మన మాట మర్వకు.”